సగం గాలి

పాలగెడ్డ బడికి నన్ను టీచరుగా వేస్తూ పంచాయతీ సమితి ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చిన రోజున మా ఇంట్లో సంతోషించింది నేనొక్కదాన్నే. అది డెబ్భై ఎనిమిదో సంవత్సరం, వానాకాలం మొదలు. ట్రైనింగు పూర్తిచేసి, పెళ్ళి చేసుకుని, నర్సీపట్నం వచ్చి, అత్తగారి పక్కన పీట వేసుకుని చింతపండు పిక్కలు తీస్తూ కూర్చున్న నాకు ఉద్యోగం అనేసరికి కాళ్ళు నేల మీద నిలవలేదు. చింతపండు అక్కడే వదిలేసి ఆర్డరు పైకి చదివాను. ఎవరూ పలక్కపోతే మళ్ళీ చదివాను.

"పాలగెడ్డా? అదెక్కడుంది?" అన్నారు మా ఆయన దయాసాగర్. ఆయన కరెంటాఫీసులో గుమాస్తా. స్తంభాలు పాతని ఊరు ఆయన లెక్కలో ఊరే కాదు.

"నాకు తెలుసు," అన్నారు మా మావగారు ఏసుపాదంగారు. అని, పేపరు మళ్ళీ ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

ఆయనకి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది! లారీ డ్రైవరుగా పనిచేసినన్నాళ్ళూ ఆయన బండి నడిపింది ఆ దారిలోనే. కృష్ణదేవిపేట వెళ్ళే తారురోడ్డు మీద కొంత దూరం పోయాక కుడిచేతి వైపు ఒక గ్రావెల్ రోడ్డు చీలుతుంది. రెండు వరసల కొండల మధ్య లోయలో, వాగు పక్కనే పాలగెడ్డ దాకా పోతుంది. మావైపు వాగుని గెడ్డ అంటాం, ఆ ఊరి పేరు అందుకే అలా వచ్చింది. కలప కాంట్రాక్టర్లు లారీల కోసం వేయించుకున్న రోడ్డది. ఒక పెద్దవానకి మధ్యలో కల్వర్టు కొట్టుకుపోయింది. అప్పటికే కాంట్రాక్టు కూడా అయిపోయింది కాబట్టి దాన్ని మళ్ళీ కట్టించినవాళ్ళు లేరు. ఫారెస్టు వాళ్ళు రోడ్డు మొదట్లో ఒక ఇనప బార్ అడ్డం వేసి తాళం పెట్టేశారు. అప్పటినుంచీ దాని మీద లారీ లేదు, జీపు లేదు, మోటారు సైకిలు కూడా లేదు. బస్సులో పాలగెడ్డ చేరాలంటే కొండలు చుట్టి, ఘాటీ ఎక్కి, అవతల దిగి, అక్కణ్ణుంచి సగం పూట నడవాలి.

పోనీ అక్కడే ఉండిపోదామంటే బడే ఒక రేకుల షెడ్డు. కొత్త కోడలు కొండల్లో ఒంటరిగా ఉండడమనే మాట వినగానే మా అత్తగారు కరుణకుమారిగారు చెవులు మూసుకున్నారు.

"సైకిలు మీద వెళ్ళొస్తాను," అన్నాను.

పేపరు కిందికి దిగింది. అత్తగారి చేతులు చెవుల మీంచి దిగాయి. మా ఆయన మాత్రం నవ్వారు, నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నారు.

నాకు సైకిలు కొత్త కాదు. మా అమ్మ మిషన్ ఆస్పత్రిలో నర్సు. ఆ కాంపౌండులో నర్సమ్మలందరూ సైకిళ్ళు తొక్కేవారు, వాళ్ళని చూసి నేనూ తొక్కేదాన్ని. అమ్మ రిటైరయ్యాక ఆవిడ లేడీస్ సైకిలు నాకే వచ్చింది. నర్సీపట్నం బజారులో దాని మీద వెళితే జనం ఆగి చూసేవారు. చూస్తే చూశారు, నా బెల్లు నాకుంది.

రాత్రి భోజనాల దగ్గర మావగారు తీర్పు చెప్పారు. "క్రిస్మస్ దాకా సూద్దాం. పండక్కి ముందర ఓ రోజు నీతో నేనే వొస్తాను. రోడ్డు సూస్తాను, నువ్వెలగ తొక్కుతున్నావో సూస్తాను. నా మనసుకి బాగుంటే ఉజ్జోగం సేసుకో. నేదంటే రాజీనామా ఇచ్చేయాల. మరి ఇంకో మాట ఉండకూడదు."

"మీరు చూసి బాగుందంటే మాత్రం మీ మాట కూడా మారకూడదు మావయ్యగారూ," అన్నాను.

మా అత్తగారు నా వైపు గుడ్లురిమి చూశారు. మావగారు మాత్రం తల ఊపారు. ఆయన దగ్గర నాకు నచ్చింది అదే, బేరం పెడితే బేరంలాగే చూస్తారు.

మర్నాటి నుంచీ ఆయనకి ఒక పని దొరికింది. నేను లేచేసరికే పెరట్లో పంపు చప్పుడు వినిపించేది. నా సైకిలు రెండు చక్రాలకీ గాలి కొట్టేవారు. ఆయన ఎడమచెయ్యి మోచేతి దగ్గర వంకర తిరిగి ఉంటుంది, పూర్తిగా చాపలేరు. ఎప్పుడో లారీ పడినప్పుడు విరిగిందని అత్తగారు ఒకసారి చెప్పారు, అంతకు మించి ఆ ఇంట్లో ఆ ఊసు ఉండేది కాదు. ఆ చేత్తోనే పంపు పిడి పట్టుకుని, పళ్ళు బిగించి, టైరు రాయిలా అయ్యేదాకా కొట్టేవారు. ఆఖర్న చక్రం మీద వేలితో టకటకా కొట్టి చూసి, "ఊఁ, ఇంక ఎల్లు," అనేవారు. మా ఇంట్లో నన్ను దీవించడమంటే అదే. నోటితో దీవించడం ఆయనకి చేతకాదు.

ఇక ఆ రోడ్డు సంగతి చెప్పాలి. బార్ కిందనుంచి సైకిలు పడుకోబెట్టి అటువైపు లాక్కుని, మళ్ళీ లేపి ఎక్కానా, అక్కడితో నర్సీపట్నం అయిపోయేది. వెనక తారురోడ్డు మీద హారన్లు కాసేపు వినిపించి ఆగిపోయేవి. ఇంక నా చక్రాల కింద గులకరాళ్ళు చిటపటలాడే చప్పుడు, పక్కన గెడ్డ చప్పుడు, అంతే. కల్వర్టు పోయిన చోట దిగి సైకిలు ఎత్తుకుని దాటేదాన్ని. లారీలు లేక లోయలో పిట్టలకి భయం పోయినట్టుంది, రోడ్డు మధ్యలోనే తిరుగుతూ నేను బాగా దగ్గరికి వచ్చేదాకా లేచేవి కావు. చక్రాల గాడుల మధ్య గడ్డి మొలిచి రోడ్డుకి పచ్చటి పాపిడి తీసినట్టు ఉండేది. కొండవాలు మీద వలిసెపూలు విచ్చాక ఆ పసుపు చూస్తూ ఒకసారి గోతిలోకి వెళ్ళిపోయాను కూడా. మలుపుల దగ్గర బండరాళ్ళకి మనిషెత్తున గీతలు ఉండేవి. అవి దుంగల చివర్లు రాసుకుని పడ్డాయని నాకు చాలా రోజులకి గాని తట్టలేదు. ఏది చూసినా ఎందుకలా ఉందని అడగాలనిపించేది. అడగడానికి మనిషి ఉండేవాడు కాదు, ఇంటికెళ్ళి మావగారిని అడిగితే "ఉంటాయి" అనేవారు.

పాలగెడ్డ దగ్గర పడుతుండగా రోడ్డు ఒక మిట్ట ఎక్కుతుంది. మిట్ట మీద పెద్ద మలుపు. దానికి ఇటూ దిగుడే, అటూ దిగుడే. అక్కడ తుప్పుపట్టిన బోర్డు ఒకటి ఇంకా నిలబడి ఉంది: "ప్రమాదకరమైన మలుపు. హారన్ మోగించుము." ఎవరికోసం మోగించాలో బోర్డుకీ తెలియదు, నాకూ తెలియదు. అయినా గవర్నమెంటు అంత మర్యాదగా అడిగాక కాదనడం ఎందుకని రోజూ అక్కడ ట్రింగ్ ట్రింగ్ మని బెల్లు కొట్టి మరీ వెళ్ళేదాన్ని.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ రోడ్డు నాతో ఒక ఆట ఆడేది. పొద్దున్న వెళ్ళేటప్పుడు ఏడిపించేది. చక్రం గులకరాళ్ళ మీద నిలిచేది కాదు, ప్రతి రాయికీ హ్యాండిలు అదిరి మోచేతుల దాకా జివ్వుమనేది, దిగుళ్ళలో వెనక చక్రం పక్కకి జారిపోయేది. మొదటి నెలలో పడని వారం లేదు. సాయంత్రం అదే రోడ్డు, అదే సైకిలు, అదే నేను, బడిలో పిల్లలతో అరిచి అలిసిపోయి కూడా, హాయిగా వచ్చేసేదాన్ని. ఎందుకు?

ఇది నా బుర్రని పట్టుకుంది. వెళ్ళేటప్పుడు ఎత్తూ వచ్చేటప్పుడు పల్లమూ అనుకుందామంటే ఎక్కుళ్ళూ దిగుళ్ళూ రెండువైపులా సమానమే. బరువేమో అనుకుని క్యారేజీ, పుస్తకాల సంచీ ఒక రోజు ఇంట్లో వదిలేసి వెళ్ళాను. మధ్యాహ్నం ఆకలేసింది తప్ప తేడా లేదు. మంచుకి రాళ్ళు తడిసి జారుతున్నాయేమో అనుకున్నాను. మంచు కురవని రోజు కూడా జారాయి. మా అత్తగారిని అడిగితే, "ఇంటికొచ్చీటప్పుడు ఆడదాని కాళ్ళకి జోరెక్కువ," అన్నారు. మా ఆయన్ని అడిగితే, "రోడ్డుకి ఇలాంటివి తెలుస్తాయా లీలా?" అన్నారు. పాలగెడ్డలో బడికి నీళ్ళు తెచ్చిపెట్టే కొండలమ్మని అడిగితే, "మా రోడ్డుకి ఇంకా నువ్వు కొత్త పంతులమ్మా, పొద్దున్న మరిసిపోతాది, సాయంత్రానికి గేపకం ఒస్తావు," అంది. ఆ ముగ్గురిలోనూ కొండలమ్మ చెప్పిందే నాకు నచ్చింది, కానీ నమ్మలేకపోయాను.

దసరాలు దాటాక రావికమతంలో చుట్టాల ఇంట పెళ్ళికి మావగారూ అత్తగారూ ముందురోజే వెళ్ళారు. పొద్దున్న పెరట్లో పంపు చప్పుడు లేదు. నాకు ఆలస్యమైపోతోంది, మా ఆయన ఇంకా నిద్రలో ఉన్నారు. చక్రం చూస్తే తొక్కడానికి పనికొచ్చేలాగే ఉంది. అలాగే ఎక్కి పోయాను.

ఆ పొద్దున్న నేను జారలేదు. హ్యాండిలు అదరలేదు. మిట్ట మీద మలుపు తిరిగి అటు దిగుతుంటే చక్రం రాళ్ళని పట్టుకున్నట్టుగా వెళ్ళింది. కింద గెడ్డ ఒడ్డున ఆగి, దిగి, సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాను. ఇవాళ ఏం వేరు? క్యారేజీ ఉంది. సంచీ ఉంది. మంచు కూడా కురిసింది. లేనిది ఒక్క మావగారే.

అప్పుడు వంగి టైరు నొక్కాను. బొటనవేలు లోపలికి దిగింది.

వాల్వు దగ్గరనుంచి గాలి కొంచెం కొంచెంగా పోతోందన్నమాట. సాయంత్రానికి రోజూ సగమయ్యేది. అందుకే వచ్చేటప్పుడు సుఖం. మర్నాడు పొద్దున్న ఆయన మళ్ళీ రాయిలా చేసేవారు, అందుకే వెళ్ళేటప్పుడు కష్టం. రాయిలాంటి టైరు రాయి మీద ఎగిరిపడుతుంది, మెత్తటి టైరు రాయిని కాస్త తనలోకి తీసుకుంటుంది. ఇంత చిన్న విషయానికి నేను మూడు నెలలు మోచిప్పలు పగలగొట్టుకున్నానా అని నాకు ఒళ్ళు మండింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. ఆ లోయలో ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే నవ్వుకున్నాను.

ఆ రాత్రి మా ఆయనకి చెప్పాను. ఆయన నవ్వలేదు. "నాన్నతో అనకు," అన్నారు. "గాలి తక్కువుంటే మేలని ఆయన ముందు ఎవరైనా అంటే ఒప్పుకోరు. ఆ చెయ్యి విరిగినప్పటి నుంచీ అంతే. వీధిలో ఎవరి సైకిలు ఆగినా వెళ్ళి టైరు నొక్కి చూస్తారు, నువ్వు గమనించలేదా?"

గమనించాను. ఎందుకని మాత్రం అనుకోలేదు.

కాబట్టి ఆ మర్నాటి నుంచి నేను చేసింది ఇది. ఇంటి దగ్గర ఆయన రాయిలా కొట్టిన చక్రాలతో బయల్దేరేదాన్ని. బార్ దాటాక సైకిలు చెట్టుకి ఆనించి వాల్వు నట్టు కాస్త వదులుచేసేదాన్ని. బుస్సుమని గాలి పోయేది. ఎంత పోనివ్వాలో తెలియక మొదట్లో ఒక రోజు మరీ ఎక్కువ వదిలేస్తే చక్రం ఇనుము రాళ్ళకి తగిలి ట్యూబు చిరిగింది, బడి దాకా నడిపించుకుని పోయాను. తర్వాత వేలికి అలవాటైంది. దోరజామకాయని నొక్కితే ఎంత లొంగుతుందో అంత లొంగితే చాలు. ఇందులో తప్పేదో ఉందని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. పడకుండా ఉండడం తప్పు కాదు కదా.

చిక్కల్లా సాయంత్రాలతో వచ్చింది. నేను ఇంటికి చేరగానే మావగారు చక్రం నొక్కేవారు. "ఇదేటి, ఇంతకు ముందుకన్నా ఎక్కువ దిగిపోతన్నాది!" అని వాల్వు ట్యూబు మార్చారు. మర్నాడూ అంతే. ఇంకో వాల్వు ట్యూబు. వారమయ్యాక లోపలి ట్యూబే కొత్తది వేయించారు. అదీ దిగింది. దాంతో ఆయన మత్స్యలింగం సైకిలు షాపుకి వెళ్ళి, బజారంతా వినేలా, "పుచ్చిపోయిన సరుకమ్మి ఆడపిల్లని కొండల్లో పడేద్దామనుకుంటన్నావేటి?" అని కడిగేశారు. మత్స్యలింగం పాపం ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి ఒక్క బుడగ కూడా రావడం లేదని అందరికీ చూపించాడట. "బాబూ, ఇది గాలి దిగడం కాదు, మీ ఇంట్లో ఎవరో పగోళ్ళున్నారు," అన్నాడట. ఈ మాట మావగారు ఇంటికొచ్చి చెబుతుంటే నేను వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

నవ్వుతూనే లోపల బెంగ పెరిగింది. డిసెంబరు వచ్చేసింది. మా ఇంటి మీద నక్షత్రం కట్టేశారు, కుర్రాళ్ళు క్యారల్స్ మొదలుపెట్టారు. ఒక శుక్రవారం సాయంత్రం మావగారు తన పాత సైకిలు బయటికి తీసి నూనె వేశారు. "రేపొస్తాను," అన్నారు.

పొద్దున్న రెండు సైకిళ్ళకీ ఆయనే గాలి కొట్టారు. నాలుగు చక్రాలూ అయ్యేసరికి చొక్కా తడిసిపోయింది. అత్తగారు క్యారేజీ ఇస్తూ నా చెవిలో, "జాగర్తగా తొక్కమ్మా, నాకైతే నువ్వు మానేస్తే బెంగే," అన్నారు. ఆవిడ నా పక్షాన ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.

బార్ దగ్గర మావగారు ఆగిపోయారు. చాలాసేపు లోయ వైపు చూస్తూ నిలబడ్డారు. రోడ్డు మూశాక ఆయన అటు రావడం అదే మొదటిసారి. "గెడ్డి మొలిసిపోనాది," అన్నారు. నేను రోజూ ఆనించే చెట్టుకే సైకిలు ఆనించి, వాల్వు మీద చెయ్యి వేశాను.

"ఏటి, గాలి సూసుకుంటన్నావా? ఫుల్లుగా ఉంది. నేనున్నాను కదా, పద," అన్నారు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ తడిసిన చొక్కా చూస్తూ ఆయన ఎదురుగా ఆ గాలి వదలడం నావల్ల కాలేదు. ఈ ఒక్క రోజూ ఎలాగో పడకుండా నెట్టుకొద్దామనుకున్నాను.

మిట్ట దాకా నెట్టుకొచ్చాం. ఆయన ముందు, నేను వెనక. బోర్డు దగ్గర నేను బెల్లు కొట్టాను, ఆయన కొట్టలేదు. మలుపు తిరిగి అటు దిగుతుండగా ఆయన వెనక చక్రం రాళ్ళ మీద తేలింది. సైకిలు అడ్డంగా తిరిగి ఆయన పక్కకి పడ్డారు. నేను బ్రేకు నొక్కాను, నా చక్రమూ అలాగే తేలింది, నేనూ పడ్డాను. క్యారేజీ దొర్లుకుంటూ పోయి మూత ఊడి చారంతా రోడ్డు తాగేసింది.

మావగారికి మోకాలు గీరుకుపోయింది. లేవబోయి, లేవకుండా అక్కడే కూర్చుండిపోయారు.

"సూసేవా? ఇదీ రోడ్డు," అన్నారు. "సోమవారం రాజీనామా రాసిచ్చీ అమ్మా."

నేను వెళ్ళి దొర్లిపోయిన క్యారేజీ, మూత ఏరుకొచ్చాను.

"ఈ మిట్ట కాడే నా బండి పడిపోనాది. లోడుతో పాలగెడ్డ నుంచి వొస్తన్నాను. వెనక టైరులో గాలి తక్కువుందని క్లీనరు సెప్పేడు. నర్సీపట్నం ఎల్లి కొట్టిద్దాంలే అన్నాను. మలుపు తిరిగి మన వైపు దిగుతుంటే టైరు ఊడొచ్చీసింది. బండి పడుకుంది, దుంగలన్నీ దొర్లిపోనాయి. క్లీనరుకేటీ అవలేదు, దేవుడి దయ. నాకిది." వంకరచెయ్యి చూపించారు. "గాలి ఫుల్లుగా ఉండి కూడా ఇయ్యాల నువ్వు పడ్డావు. మరి తక్కువైతే ఏటవుద్ది? నిన్ను నేనిలగ సూడలేను."

నాకు జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. నా ఉద్యోగం ఆ రోడ్డు మీద చారుతో పాటు ఇంకిపోతోంది, ఆయనేమో నన్ను కాపాడాననుకుంటున్నారు.

"మావయ్యగారూ, మీ లారీ మీద ఎంత కలపుంది?"

"లారీ నిండా."

"నా సైకిలు మీద ఏముంది? నేనూ, ఖాళీ క్యారేజీ."

అని, ఇంక ఆలోచించకుండా సైకిలు లేపి ముందు చక్రం వాల్వు నట్టు తిప్పాను. బుస్సుమంది. "ఏటి సేస్తన్నావ్!" అని ఆయన అరిచారు. వెనక చక్రానికీ తిప్పాను. బొటనవేలితో నొక్కి చూసుకుని, సైకిలు నడిపించుకుంటూ బోర్డు దాకా వెనక్కి ఎక్కాను. బెల్లు కొట్టి, ఎక్కి కూర్చుని, మేం పడిన చోటు మీదుగానే కిందికి వదిలాను. గెడ్డ దాకా పోయి, తిప్పుకుని, ఎక్కి వచ్చి, మళ్ళీ దిగాను. రెండోసారి ఆయన పక్కనుంచి వెళుతూ ఒక చెయ్యి హ్యాండిలు మీంచి తీసి కొంగు సర్దుకున్నాను. అది కావాలనే చేశాను.

తిరిగొచ్చి ఆయన ముందు సైకిలు ఆపాను. ఆయన చెయ్యి చాపి టైరు నొక్కారు. మళ్ళీ నొక్కారు.

"రోజూ ఇలగే తీసేస్తన్నావా?"

"అవునండి. బార్ దగ్గర."

"మరి మత్స్యలింగాన్ని నేను తిట్టిన తిట్లో?"

నవ్వు రావలసిన మాట. ఇద్దరికీ రాలేదు.

"పొద్దున్నే లేసి నేను కొడతన్నదంతా..." అని ఆగిపోయారు. చక్రం మీదనుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. గాలి తీసినందుకు కాదు. అంత పెద్ద మనిషిని అలా రాళ్ళ మీద కూర్చోబెట్టి, ఆయన ఇన్నాళ్ళూ నాకిచ్చింది ఆయన కళ్ళ ముందే పారబోశాను. నిజం చెప్పడానికి నాకు వేరే దారి తోచలేదు, ఇప్పటికీ తోచదు.

మిగతా దూరం ఆయన సైకిలు ఎక్కలేదు, నడిపించుకునే వచ్చారు. నేనూ దిగి నడిచాను. గెడ్డ దాటి ఊళ్ళోకి వెళ్ళేసరికి పిల్లలందరూ షెడ్డు ముందు కూర్చుని ఉన్నారు. కొండలమ్మ మావగారి మోకాలు కడిగి పసుపు అద్దింది. "ఇయ్యాల గంట శానాసార్లు కొట్టీసినావేటి పంతులమ్మా? పిల్లలు పరిగెత్తుకొచ్చి అప్పుడే కూకున్నారు," అంది.

"ఏ గంట?" అన్నారు మావగారు.

"మిట్ట మీద రోజూ కొడతాది కాదా, సైకిలు గంట. ఈడికి ఇనపడతాది. అది ఇనే పిల్లల్ని బడికి తోలతాం."

ఆ సంగతి నాకూ తెలియదు. బోర్డు అడిగిందని నేను కొడుతుంటే ఇన్నాళ్ళూ ఒక ఊరు వింటోందన్నమాట. మావగారు ఆ పూటంతా షెడ్డు బయట రాయి మీద కూర్చుని లోపల పిల్లలు ఎక్కాలు అప్పజెప్పడం వింటూ ఉన్నారు.

శనివారం ఒంటిపూట బడి కాబట్టి ఎండ ఉండగానే బయల్దేరాం. నేను నోరు మూసుకునే నడిచాను. ఒకసారి బేరం చేశాక బతిమాలడం నా ఒంటికి పడదు. మిట్ట ఎక్కి బోర్డు దగ్గరికి వచ్చాక ఆయన ఆగారు. ఎదురుగా ఉన్నది ఇటువైపు దిగుడు, ఆయన లారీ పడిన దిగుడు. సైకిలు స్టాండు వేసి చక్రం ముందు వంగారు. చెయ్యి వాల్వు దాకా వెళ్ళింది, అక్కడ ఆగిపోయింది.

"నా సెయ్యి ఆడట్లేదు. నాది కూడా తియ్యమ్మా," అన్నారు.

తీశాను. ఆయన నొక్కి చూసి, "ఇంకానా?" అన్నారు.

"చాలండి."

ఎక్కి కూర్చున్నారు. బోర్డు వైపు ఒకసారి చూసి ట్రింగ్ ట్రింగ్ మని బెల్లు కొట్టారు. తర్వాత వదిలారు. పైనుంచి నేను చూస్తున్నాను. వంకరచెయ్యి హ్యాండిలు మీద బిగుసుకుని ఉంది. మలుపు కింద చక్రం రాళ్ళ మీద ఒకసారి కదిలి నిలదొక్కుకుంది. అడుగుకి చేరేదాకా ఆయన కాలు కింద పెట్టలేదు. అక్కడ దిగి, నాకు వీపు పెట్టి నిలబడి, రోడ్డు పక్క పల్లంలోకి చూస్తూ ఉండిపోయారు. నేను తొందరపడకుండా మెల్లగా దిగాను.

"పండగయ్యాక బడి ఎప్పుడు తెరుస్తావు?" అన్నారు, నా వైపు తిరక్కుండానే.

ఆ ఏడాది మా ఇంటి అరిసెల్లో మొదటి డబ్బా మత్స్యలింగం షాపుకి వెళ్ళింది. అంత మర్యాద ఎందుకు జరిగిందో అతనికి ఎవరూ చెప్పలేదు.

రాజీనామా ఇమ్మన్న ఆ సోమవారం పొద్దున్న పెరట్లో పంపు చప్పుడు వినిపించింది. రోజూ చాలాసేపు సాగే చప్పుడు ఆ రోజు త్వరగా ఆగిపోయింది. "లీలా, ఇలగ రా. నువ్వు నొక్కి సెప్పు," అని పిలిచారు.

వెళ్ళి నొక్కాను. దోరజామకాయంత లొంగింది. ఎంత ఉండాలో సరిగ్గా అంతే ఉంది. ఇక కొట్టడానికేమీ లేదు. కానీ ఆయన చెయ్యి ఇంకా పంపు పిడి మీదే ఉంది, నా ముఖంలోకే చూస్తున్నారు.

"ఇంకొక్క దెబ్బ కొట్టండి మావయ్యగారూ," అన్నాను.

కొట్టారు. చక్రం మీద వేలితో టకటకా కొట్టి చూసి, "ఊఁ, ఇంక ఎల్లు," అన్నారు. ఆ ఒక్క దెబ్బ గాలిని ఆ రోజు గాని, ఆ తర్వాత ఏ రోజు గాని నేను బార్ దగ్గర తీయలేదు.